సరస్వతి ఆకు – జ్ఞాపకశక్తి : పంచాయతీ సభ్యులు తెలిసికొనదగిన విషయములు

గోదావరి డెల్టాలో కాలువగట్ల మీదను, వరిచేల గట్ల వెంబడిని, కొబ్బరితోటలలోని బోదెల ప్రక్కను రెండు చిన్న మొక్కలు ఎవరును నాటకుండగనే పెరుగుచుండును. వానిలో ఒకటి నేలమీద ప్రాకుచు కణుపు కణుపునకు వేరు తన్నుకొనును. దాని ఆకు పొడవైన కాడకు గుండ్రముగా, ఒక ప్రక్క చీలి, అంచున సన్నని నొక్కులతో నుండును. దీనినే మనవారు సరస్వతి ఆకు అందురు. సంస్కృతమున దీనికి మండూకపర్ణి అని పేరు. వృక్షశాస్త్రజ్ఞులు సెంటెల్లా ఏషియాటికా అందురు. రెండవది నీరు నిలిచిన చోటునే ఎక్కువగా కానవచ్చును. దాని ఆకులు చిన్నవి, దళసరివి, కాడ లేనివి. కొమ్మకు ఎదురెదురుగా పుట్టును. పూవులు తెల్లగా గాని లేత ఊదారంగుగా గాని ఉండును. నమలినచో మిక్కిలి చేదు. ఇది నీటిబ్రాహ్మి, శాస్త్రనామము బకోపా మొన్నియేరి.

ఈ రెండును ఒక కుటుంబమునకు చెందిన మొక్కలు కావు. ఒకదానిలోని పదార్థములు మరియొకదానిలో లేవు. అయినను దేశములో ఒక ప్రాంతమువారు మొదటిదానిని బ్రాహ్మి అందురు, కేరళ మొదలైన చోట్ల రెండవదానిని బ్రాహ్మి అందురు. భారత ప్రభుత్వ ఆయుర్వేద ఔషధకోశము ఈ తగవును తీర్చి, బ్రాహ్మి యనగా బకోపా యనియు, మండూకపర్ణి యనగా సెంటెల్లా యనియు నిర్ణయించినది. అంగడిలో మాత్రము ఆ తగవు ఇంకను తీరలేదు. కడియము నర్సరీలలో సరస్వతి మొక్క కావలెనని అడిగి తెచ్చుకొనువారు, ఇంటికి వచ్చినది ఈ రెండింటిలో ఏదియో ఆకును బట్టి చూచుకొనుట మంచిది. పొడి రూపమున సీసాలోనికి వచ్చిన తరువాత కంటితో చూచి గుర్తించుట ఎవరి తరమును కాదు.

పదవతరగతి పరీక్షలు సమీపించినప్పుడు ఈ పొడులు, లేహ్యములు, పానకములు పల్లెటూరి అంగళ్లలోనికి కూడ వచ్చును. సీసామీద కళ్లద్దములు పెట్టుకొన్న బాలుని బొమ్మ, వెనుక పుస్తకముల దొంతర. తల్లిదండ్రులు కూలిడబ్బులు కూడబెట్టి కొందురు. సభ్యులను ఊరివారు అడుగు ప్రశ్న ఒక్కటే: ఇది పనిచేయునా? ఈ ప్రశ్నకు అవునని గాని కాదని గాని ఒక్క మాటలో చెప్పువారిని నమ్మవలదు.

పెద్దల గ్రంథములలో ఈ విషయము క్రొత్తది కాదు. చరకసంహితలో మేధ్యరసాయనములని నాలుగింటిని చెప్పిరి. అవి మండూకపర్ణి రసము, పాలతో అతిమధుర చూర్ణము, తిప్పతీగ రసము, శంఖపుష్పి కల్కము. ఇవి బుద్ధికి, ఆయువునకు మేలని వారి అభిప్రాయము. పూర్వులు చెప్పినది కొట్టివేయుటకు గాని, చెప్పినారు గనుక నిజమని ఒప్పుకొనుటకు గాని తొందర పడనక్కరలేదు. పరీక్షించి చూచుట యొక మార్గము గలదు. ఆ మార్గము మన డెల్టా రైతులకు తెలిసినదే.

పశ్చిమగోదావరిలోని మార్టేరు వరి పరిశోధనాకేంద్రము 1925లో ఏర్పడినది. 1982లో విడుదలయిన స్వర్ణ, అనగా ఎం.టి.యు. 7029, అక్కడ పుట్టినదే. క్రొత్త వంగడమును రైతుకు ఇచ్చుటకు ముందు ఏమి చేయుదురు? ఒకే నేలలో, ఒకే నీటితో, ఒకే ఎరువుతో ప్రక్కప్రక్కనే పాత వంగడమును కూడ వేసి కొలిచి చూతురు. పాతది ప్రక్కన లేనిదే క్రొత్తదాని ఫలము తెలియదు. ఆ సంవత్సరము వానలు బాగుగా కురిసినచో రెండును బాగుగా పండును గదా. మందు విషయమునను అంతియే. కొందరికి నిజమైన మందును, కొందరికి అదే రంగు, అదే ఆకారము గల ఉత్తుత్తి మాత్రను ఇత్తురు. ఎవరికి ఏది ఇచ్చినదియు తినువారికి గాని, పరీక్ష పెట్టువారికి గాని చివరివరకు తెలియనీయరు. జ్ఞాపకశక్తి విషయమున ఇది మరింత అవసరము. ఏలయనగా, ఒకే విధమైన పరీక్షను రెండవసారి వ్రాసిన మనుష్యుడు ఏ మందును తినకపోయినను మొదటిసారికంటె బాగుగా వ్రాయును.

నీటిబ్రాహ్మిపై ఇట్టి పరిశోధనకు పునాది మన దేశములోనే పడినది. 1951లో ప్రారంభమైన లక్నోలోని కేంద్ర ఔషధ పరిశోధనాసంస్థ శాస్త్రజ్ఞులు 1960 దశకములో ఈ మొక్కనుండి బకోసైడులను పదార్థములను వేరుచేసిరి. వాని పాలు ఎంత యుండవలెనో నిర్ణయించి ఒక సారమును తయారుచేసిరి. తరువాత విదేశములలో దానిని, అట్టి ఇతర సారములను మనుష్యులపై పరీక్షించిరి. 2001లో ఆస్ట్రేలియాలో 46 మంది ఆరోగ్యవంతులపై, రోజునకు 300 మిల్లీగ్రాముల చొప్పున 12 వారములు పరీక్ష జరిపిరి. నేర్చుకొను వేగమునందును, నేర్చినది నిలుచుటయందును కొంత మేలు కనబడినది. అది 12 వారముల తరువాతనే స్పష్టమయినది. అదే సంవత్సరము మరియొక పరీక్షలో ఒక్క మోతాదు ఇచ్చి రెండు గంటల తరువాత చూచినారు. ఏ మార్పును లేదు. పరీక్షకు వారము ముందు సీసా కొను తల్లిదండ్రులు ఈ రెండు ఫలితములను కలిపి చదువుకొనవలెను.

2002లో 40 నుండి 65 సంవత్సరముల వయస్సుగల 76 మందిపై మూడు నెలలు జరిగిన పరీక్షలో, క్రొత్తగా నేర్చినది మరచిపోవుట కొంత తగ్గినది. అవధానము మొదలైన ఇతర విషయములలో తేడా తేలలేదు. 2008లో అమెరికాలో 65 ఏండ్లు దాటిన 54 మందిపై జరిగిన పరీక్షలో, విన్న మాటలను కొంత సేపటికి తిరిగి చెప్పుట మెరుగుపడినది; దిగులు, ఆందోళనల కొలతలు కూడ కొంచెము తగ్గినవి. 2012లో ఇట్టి ఆరు పరీక్షలను ఒకచోట చేర్చి చూచిన పండితులు, జ్ఞాపకము చేసికొని చెప్పు పరీక్షలు పదునేడింటిలో తొమ్మిదింట మేలు కనబడినదనియు, బుద్ధికి సంబంధించిన ఇతర శక్తుల విషయమున ఆధారము చాలదనియు వ్రాసిరి. నా అభిప్రాయములో ఈ ఫలితము గౌరవింపదగినదే. కాని ఇది పెద్దవారిపై, కొద్దిమందిపై, కొలిచిన సారముతో వచ్చిన ఫలితము. కొన్ని పరీక్షలకు మందు తయారుచేయు సంస్థలే ధనసహాయము చేసినవి. సీసామీది బొమ్మ మాత్రము బాలునిది.

బాలుర మాటకు వత్తము. 2022లో ప్రకటింపబడిన ఆస్ట్రేలియా పరీక్ష యొకటి మనకు ముఖ్యము. నిలకడలేని, పాఠముపై దృష్టి నిలుపలేని 6 నుండి 14 ఏండ్ల మగపిల్లలు 112 మందిలో కొందరికి 14 వారములు లక్నో సారమునే ఇచ్చిరి. ప్రవర్తన విషయములో, ఉత్తుత్తి మాత్ర తిన్నవారికంటె వీరికి చెప్పుకోదగిన మేలు కలుగలేదు.

ఇక మన గట్లపైని సరస్వతి ఆకు. 1973లో అప్పారావుగారు, శ్రీనివాసన్‌గారు, కోటేశ్వరరావుగారు కలిసి బుద్ధిమాంద్యముగల పిల్లలపై మండూకపర్ణిని పరీక్షించి, మేలు కనబడినదని ప్రకటించిరి. పరీక్షింపబడిన పిల్లలు కొద్దిమంది. 2017లో అప్పటివరకు వచ్చిన పరీక్షలను కూర్చి చూడగా, ఈ ఆకు జ్ఞాపకశక్తిని గాని ఇతర బుద్ధిశక్తులను గాని పెంచునని చెప్పుటకు ఆధారము లేదని తేలినది. పుచ్చుకొన్న గంటకు చురుకుదనము కొంత పెరిగి, కోపము కొంత తగ్గునని మాత్రము కనబడినది. పచ్చడిగా, పప్పులో కూరగా తినుటకు ఇది మంచి ఆకుకూరయే. తిననిండు. దానిని తిన్నందున లెక్కల పరీక్షలో మార్కులు పెరుగునని మాత్రము ఎవరును హామీ ఇయ్యలేరు.

మనస్సు కలత, నిద్రలేమి, దిగులు అనువానికి అంగడిలో ఎక్కువగా అమ్ముడుపోవునది అశ్వగంధ, అనగా పెన్నేరు. ఇది డెల్టా పంట కాదు, మెట్టనేలల పంట. 1947లో రాజమహేంద్రవరమున స్థాపింపబడిన కేంద్ర పొగాకు పరిశోధనాసంస్థ ఇటీవల పేరు మార్చుకొని, పొగాకుతోపాటు మిరప, పసుపు, ఆముదము, అశ్వగంధలపై కూడ పరిశోధన చేయుచున్నది. కనుక ఈ మొక్కను గురించి మన జిల్లాలలో వినుట ఇక ఎక్కువగును. 2012లో హైదరాబాదులో మానసిక ఒత్తిడిగల 64 మందిపై 60 దినములు జరిగిన పరీక్షలో, అశ్వగంధ వేరు సారము పుచ్చుకొన్నవారికి ఒత్తిడి స్పష్టముగా తగ్గినది. ఇంతవరకు శుభమే. కాని కొందరిలో కాలేయము దెబ్బతిని కామెర్లు వచ్చినట్లు 2020లో ఐస్లాండు, అమెరికా వైద్యులు ప్రకటించిరి. 2023లో డెన్మార్కు ఈ మొక్కను ఆహారపదార్థములలో నిషేధించినది. వేరునే వాడవలెను గాని ఆకు వాడరాదని మన ఆయుష్ మంత్రిత్వశాఖ 2021లో తయారీదారులను హెచ్చరించినది. ఇది థైరాయిడు రసమును పెంచగలదు. కావున ఆ జబ్బుకు మాత్రలు వాడువారును, గర్భిణీ స్త్రీలును వైద్యుని అడుగకుండ దీని జోలికి పోరాదు.

తిప్పతీగ సంగతియు ఇట్టిదే. కోవిడ్ దినములలో కంచెలపైని తిప్పతీగ నెందరో కాచి త్రాగిరి. 2021లో ముంబయి వైద్యులు అట్లు త్రాగిన ఆరుగురిలో కాలేయవ్యాధిని గమనించిరి. ఆ తీగ అసలైన తిప్పతీగ కాదు, దానిని పోలిన మరియొక జాతి కావచ్చునని ఆయుష్ శాఖ బదులు చెప్పినది. ఎవరి మాట నిజమైనను గ్రామస్థునికి కలుగు హాని యొక్కటే. మొక్కను సరిగా గుర్తింపకుండ త్రాగుటయే అందులోని ప్రమాదము.

సభ్యులు, అందునను మహిళాసభ్యులు ప్రత్యేకముగా గమనింపవలసినది వస. ఎడతెగక మాటలాడు పిల్లలను వసపిట్ట యనుట, ఉగ్గుతో వస ఎక్కువ పోసినారా యని నవ్వుట మన ఇండ్లలో ఉన్నదే. మాట త్వరగా వచ్చునని, తెలివి పెరుగునని వసకొమ్మును అరగదీసి పసిపిల్లల నాలుకకు రాయుదురు. ఇందులో ప్రేమ తప్ప మరేమియు లేదు. కాని మన దేశపు వసలో బీటా అసరోన్ అను పదార్థము మిక్కుటముగా నుండును. దీర్ఘకాలము వస తైలము తినిపించిన ఎలుకల చిన్నప్రేవులలో పుట్టకురుపులు ఏర్పడినవి. అందుచేత అమెరికా ప్రభుత్వము 1968లోనే వసను ఆహారములో కలుపుట నిషేధించినది. పసివానికి వెంటనే కనబడునది వాంతియే. ఆరు నెలలు నిండువరకు తల్లిపాలు తప్ప మరేమియు, నీరు కూడ, ఇయ్యరాదని నేటి వైద్యులందరు చెప్పుచున్నారు. ఈ మాటను సభలో సర్పంచి చెప్పుటకంటె, అంగన్వాడీ కార్యకర్తయు, మనుమలనెత్తిన ఒక పెద్దమ్మయు కలిసి బాలింత యింటికి వెళ్లి మెల్లగా చెప్పినచో వినబడును. పెద్దలను తప్పు పట్టినట్లు మాటలాడినచో వస తలుపు చాటున సాగును.

ఇంకొక ప్రమాదము కంటికి కనబడదు. 2004లో అమెరికాలోని బోస్టను నగరములో అమ్ముచున్న, దక్షిణ ఆసియాలో తయారైన ఆయుర్వేద మందులు 70 రకములను పరీక్షింపగా పదునాల్గింటిలో సీసము, పాదరసము, ఆర్సెనిక్ అనువానిలో ఒకటి గాని అంతకంటె ఎక్కువ గాని ఉన్నవి. కొన్ని మందులలో లోహభస్మములను తెలిసియే కలుపుదురు; కొన్నింటిలోనికి నేలనుండియు, నూరు యంత్రములనుండియు అవి వచ్చును. పెద్దవారికంటె పసిపిల్లల శరీరము సీసమును నాలుగైదు రెట్లు ఎక్కువగా పీల్చుకొనును. సీసము మొట్టమొదట చెరచునది మెదడునే. దీనికి హాని చేయని మోతాదు అనునది లేదని ప్రపంచ ఆరోగ్యసంస్థ చెప్పుచున్నది. తెలివి పెరుగుటకని పోసిన పానకమే తెలివిని హరించుట కంటె విచారకరమైన దేమున్నది?

డెల్టావాసులమైన మనకు దీనితో మరియొక లంకె గలదు. నీటిబ్రాహ్మి తానున్న నీటిలోని సీసము, కాడ్మియము, పాదరసము వంటివానిని పీల్చి తనలో నిలువ చేసికొను స్వభావము గలది. మురుగునీటిని శుభ్రపరచుటకు దీనిని వాడవచ్చునని శాస్త్రజ్ఞులు పరిశోధనలు చేసియున్నారు. ఆ గుణము మురుగుకాలువకు వరమే గాని తినువానికి కాదు. 1852లో ధవళేశ్వరము ఆనకట్ట పూర్తియైన నాటినుండి మన ఊళ్లకు నీరు తెచ్చు కాలువలును, నీరు తీయు డ్రెయిన్లును ప్రక్కప్రక్కనే పారుచున్నవి. చేలలో చల్లిన పురుగుమందులు, చేపల చెరువుల నీరు, ఊరి మురుగు డ్రెయిన్లలోనికే చేరును. కనుక సరస్వతి ఆకు గాని నీటిబ్రాహ్మి గాని తినదలచినవారు డ్రెయిను గట్టున కోసికొనరాదు. పెరటిలో నూతినీటితో కుండీలో పెంచుకొని, బాగుగా కడిగి వాడుకొనవలెను.

చట్టమును గురించి కొంత తెలిసియుండుట సభ్యులకు ఉపయోగము. అమ్మకమునకు ఆయుర్వేద మందు తయారుచేయువారికి లైసెన్సు ఉండవలెను. చీటీపై దినుసుల పేర్లు, తయారీదారుని చిరునామా, బ్యాచి సంఖ్య, తయారీ తేదీ, గడువు తేదీ ఉండవలెను. తన రోగికొరకు తానే మందు నూరి ఇచ్చు వైద్యునికి ఈ లైసెన్సు నిబంధన లేదు. ఊరి వైద్యునికిని, సంతలో పేరులేని పొట్లములు పోసి అమ్మువానికిని గల భేదము ఇదియే. ఆహారపదార్థముగా అమ్ము మాత్రలకు ఆహారభద్రతా సంస్థ ఇచ్చు 14 అంకెల సంఖ్య ఉండవలెను. అట్టివి రోగము కుదుర్చునని చెప్పుకొనరాదు. 1945 నాటి ఔషధ నిబంధనలలో 'జె' షెడ్యూలు అను పట్టిక గలదు. ఫలానిది చేయునని ఏ మందును చెప్పుకొనరాదో అందులో వ్రాసిరి. జ్ఞాపకశక్తి వృద్ధి అందులో నున్నది. ఆ పట్టిక అల్లోపతి మందుల నిమిత్తము ఏర్పడినది గాని, జ్ఞాపకశక్తిని గురించిన ప్రకటనలను ప్రభుత్వము ఎట్టి దృష్టితో చూచినదో దానివలన తెలియుచున్నది. 1954 నాటి మాయమందుల ప్రకటనల చట్టము మూర్ఛ, ఉన్మాదము మొదలైన రోగములను కుదిర్చెదమని ప్రకటించుటను నిషేధించుచున్నది.

మూర్ఛ అని వ్రాసితిని గనుక ఒక మాట. బ్రాహ్మీఘృతము మొదలైనవి మూర్ఛరోగమునకు గ్రంథములలో చెప్పబడినవే. కాని ఆసుపత్రి మాత్రలు వాడుచున్న రోగి వానిని హఠాత్తుగా మాని నేయి మొదలుపెట్టినచో, మూర్ఛలు ఒకదానిమీద నొకటి వచ్చి ప్రాణమునకే ముప్పు కలుగవచ్చును. డెల్టాలో కాలువ లేని ఊరు అరుదు. స్నానమునకు దిగినవానికి మూర్ఛ వచ్చినచో ఏమగునో చెప్పనక్కరలేదు. ఇంకొకటి: అరిష్టములు పులియబెట్టి చేయునవి, వానిలో నూటికి ఐదు నుండి పది పాళ్ల మద్యాంశము తానుగా పుట్టును. సారస్వతారిష్టము అట్టిదే. పిల్లలకు వైద్యుని మాట లేనిదే గరిటెడైనను పోయరాదు.

ఇంతకు పిల్లవాడు ఎందుకు మరచిపోవుచున్నాడు? ఈ ప్రశ్న సీసా కొనువాడు సాధారణముగా అడుగడు. 2019–21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య పరిశీలనలో మన దేశపు ఐదేండ్లలోపు పిల్లలలో నూటికి 67 మందికి రక్తహీనత యున్నట్లు తేలినది. రక్తము తక్కువైన పిల్లవానికి మధ్యాహ్నమునకే తల వాలును. కడుపులో నులిపురుగులున్నను, రాత్రి చరవాణి చూచుచు నిద్ర చాలకున్నను, నల్లబల్లపై అక్షరము కంటికి ఆనకున్నను, చెవి సరిగా వినబడకున్నను ఉపాధ్యాయునికి కనబడునది ఒక్కటే: వీనికి బుద్ధి నిలువదు. వీనికి మందులు ఉన్నవి, అవి ఉచితములు. ఐదు నుండి తొమ్మిదేండ్లవారికి గులాబీరంగు ఇనుము మాత్ర, పది నుండి పందొమ్మిదేండ్లవారికి నీలిరంగు మాత్ర వారమునకొకసారి ఇయ్యవలెను. నులిపురుగుల మాత్రను 2015 నుండి జాతీయ దినము పేర పాఠశాలలలో ఇచ్చుచున్నారు. మాత్ర ఇచ్చిన దినమున ఎందరు పిల్లలు బడికి రాలేదో, వారికి తరువాత ఇచ్చిరో లేదో ప్రధానోపాధ్యాయుని పుస్తకము చూచి అడుగుట సభ్యుని పని. 1993లో అమలులోనికి వచ్చిన 73వ రాజ్యాంగ సవరణ ఆరోగ్యమును, పారిశుధ్యమును పంచాయతీలకు అప్పగింపదగిన 29 విషయములలో చేర్చినది గదా.

వృద్ధుల మరపును కూడ వయస్సు మీద నెట్టివేయుట పొరపాటు. థైరాయిడు లోపము, బి 12 విటమిను లోపము, మనోవ్యాకులత వలన వచ్చు మరపు చికిత్సతో మరలగలదు. అసలైన మతిమరుపు జబ్బును ఆపగల మూలిక ఇంతవరకు లేదు. విదేశములలో ప్రసిద్ధిచెందిన గింకో ఆకును 3,069 మంది వృద్ధులకు ఇచ్చి ఏండ్ల తరబడి చూచిన పరీక్ష ఫలితము 2008లో వెలువడినది. జబ్బు రాకుండ అది ఆపలేకపోయినది. దిగులుతో తినక, నిద్రింపక, బ్రదుకు వలదనుచున్న మనుష్యునికి పొడి పొట్లము చేతబెట్టి కూర్చుండరాదు. 2022లో ప్రారంభమైన టెలి మానస్ 14416 సంఖ్యకు ఎప్పుడైనను, రుసుము లేకుండ మాటలాడవచ్చును. ఆ సంఖ్యను పంచాయతీ కార్యాలయపు గోడమీదను, పాలకేంద్రము వద్దను వ్రాయించుటకు ఒక డబ్బా రంగు చాలును.

ఇప్పటికే ఇంటిలో ఏదేని మూలికామందు వాడుచున్నవారు ప్రాథమిక ఆరోగ్యకేంద్రమునకు పోవునప్పుడు ఆ సీసాను వెంట తీసికొని పోవలెను. పల్లెవాసులు డాక్టరు కోపపడునను జంకుతో ఈ సంగతి దాచుచుందురు. శస్త్రచికిత్సకు ముందును, కామెర్లు కనబడినప్పుడును, చక్కెరజబ్బు మాత్రలు మార్చునప్పుడును వైద్యునికి ఆ సీసామీది చీటీ కావలెను. చీటీ లేని సీసాయైనచో, అందులోని మందునే కొంచెము మిగిల్చి తీసికొనిపోవలెను.